ఏటి కావల పుట్టినిల్లు

మా ప్రాంతమున పిల్లనిచ్చుటకు పూర్వము పెద్దలు గోత్రమును విచారించెడివారు, నక్షత్రమును విచారించెడివారు. ఆ రెండును కుదిరిన పిమ్మట ఏటిని విచారించెడివారు. వరుని యూరు ఏటి కీవలనా, ఆవలనా? ఆవలనైనచో రేవెక్కడ? వానకాలమున పడవ ఎన్ని నాళ్లు నిలిచిపోవును? ఈ ప్రశ్నలకు సమాధానములు తేలినదాక తాంబూలములు పుచ్చుకొనెడివారు కారు.

ఇది విని పట్టణవాసులగు సోదరీమణులు నవ్వుకొనవచ్చును. మోటారులో కూర్చుండి వంతెనను నిమిషములో దాటిపోవువారికి క్రింద ఏఱున్నదను మాటయే గుర్తుండదు. కాని శ్రీకాకుళము, విజయనగరము సీమలలోని ఆడువారి బ్రతుకులలో పెండ్లి, పురుడు, చావు, బడి, అంగడి ఇవన్నియు ఏటి నీటిని కొలుచుకొనియే జరిగినవి. వంతెన లెక్కను ఇంజనీరులు రాతిలోను ఇనుములోను వేయుదురు. మా యిండ్లలో ఆ లెక్క మఱియొక తీరున వేయబడినది. దానిని వ్రాసిపెట్టినవారు తక్కువ గనుక ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

శ్రీకాకుళము నాగావళి యొడ్డున నున్నది. అచ్చటినుండి ఉత్తరముగా సుమారు పదిమైళ్లు పోయినచో వంశధార తగులును. రెండును ఒడిశా కొండలలో పుట్టి మన సీమలో సముద్రమును చేరుచున్నవి. నాగావళికి లాంగల్య యనియు పేరు. బలరాముడు నాగలితో చాలు తీయగా ఆ చాలు వెంట నీరు పాఱెననియు, పాయకపాడు, గుంప, సంగము, శ్రీకాకుళము, కళ్లేపల్లి అను నైదు తావులలో ఆయన శివలింగములను ప్రతిష్ఠించెననియు స్థలపురాణము. నాగలిచాలువలె తిన్నగా పాఱినచో ఎంత బాగుండెడిదో! వంశధార యొడ్డున కళింగగాంగుల నాటి ముఖలింగ మున్నది. ఆ దాపుననే పర్వతాలపేటలో 1863లో గిడుగు రామమూర్తి పంతులుగారు పుట్టిరి. మేమిట్లు గ్రంథభాషలో వ్రాయుట చూచిన ఆయన ఏమనెడివారో ఊహించుకొనుట కష్టము కాదు.

నాగావళి నిడివి 256 కిలోమీటర్లు. అందు 161 కిలోమీటర్లు ఒడిశాలోనే గడచిపోవును. వంశధార నిడివి 254 కిలోమీటర్లు. 1,465 కిలోమీటర్ల గోదావరి ముందర ఇవి చిన్నపిల్లలు. కాని చిన్న యేటి కోపము వేఱు. గోదావరికి వరద వచ్చునపుడు ఎగువనుండి కబురు ముందుగా వచ్చును. ఇల్లు సర్దుకొనుటకు, గొడ్లను తోలుకొనుటకు వ్యవధి యుండును. మా ఏఱులకు కొండ దిగుటకును కడలి చేరుటకును నడుమ తీరికయే లేదు. ఎగువన రాత్రి వాన కురిసినచో దిగువన తెల్లవారునప్పటికి ఎఱ్ఱనీరు. ఇచ్చట చుక్క వాన లేక, ఆరవేసిన బట్టలు పెళపెళ ఎండుచుండగా, అచ్చట ఏఱు గట్టుల నొరసికొని పాఱుట మేము చిన్ననాట పలుమాఱులు చూచితిమి. ఆకాశమును చూచి ఏటిని నమ్మరాదని మా యిండ్లలో పిల్లలకు నడకతోపాటు నేర్పెడివారు.

మా పుట్టినిల్లు వంశధార ఉత్తరపుటొడ్డున, మడపామునకు ఎగువనున్న యొక పల్లె. మెట్టినిల్లు నాగావళికి దక్షిణమున. నడుమ శ్రీకాకుళము. పుట్టినింటికి పోవలెనన్న రెండు నదులు దాటవలెను. తిరిగి వచ్చునపుడు మరల రెండు. నాగావళి మమ్ము చిక్కుపెట్టలేదు. దానిపై మా మామగారి తండ్రి నాటికే వంతెన గలదు. చిక్కంతయు వంశధారతోనే. మేము కాపురమునకు పోవునాటికి పెద్దబాటపై మడపాము వద్ద వంతెన యున్నది గాని అది మా పల్లెవారి కక్కఱకు వచ్చుట ఎండకాలముననే. వానలు పడినచో మా యూరికిని ఆ వంతెనకును నడుమ రెండు గెడ్డలు పొంగెడివి. అంత పెద్దయేటిని దాటించు వంతెన అల్లంత దూరమున నున్నను, పేరులేని గెడ్డను దాటలేక ఈవల నిలిచిపోయెడివారము. అప్పుడు మరల ఊరి రేవే దిక్కు. పెద్దవంతెన కట్టించినవారికి పూలదండలు వేయుదురు, శిలాఫలకముపై పేరు చెక్కింతురు. గెడ్డపై రెండు తూములు వేసి దారి నిలిపినవానిని తలచువారు లేరు. మా మట్టుకు మాకు ఆ రెండవవాడే పుణ్యాత్ముడు.

ఆ రేవును గూర్చి ఒక సంగతి చెప్పవలసియున్నది. మా మేనత్తను మేము చూచి యెఱుగము. మేము పుట్టుటకు ముందే ఆమె పోయినది. తొలిచూలు పుట్టినింట జరుగవలెనను ఆచారమునుబట్టి ఏడవ నెలలో శ్రీమంతము చేసి, ఆమెను అత్తవారింటినుండి మా పల్లెకు తీసికొనివచ్చిరి. భాద్రపదమాసమున నొప్పులు వచ్చినవి. రెండు దినములు గడచినను బిడ్డ కదలలేదు. మంత్రసాని చెమట తుడుచుకొని, పట్నపు ఆసుపత్రికి తీసికొని పొండని చెప్పినది. గూడుబండిలో వరిగడ్డి మందముగా పఱచి, పైన దుప్పటి వేసి, ఆమెను పరుండబెట్టి మా నాయనమ్మయు తాతగారును రేవునకు చేరిరి. ఆ రాత్రి మబ్బు లేదు. నక్షత్రములు పూచినట్లున్నవి. ఏఱు మాత్రము ఈ గట్టునుండి ఆ గట్టుదాక నిండి, చెట్లను మోసికొని పోవుచున్నది. పడవవాడు మా యింటి గాదె గింజలు తిని పెరిగినవాడు. తాతగారి మాట కెన్నడును అడ్డు చెప్పనివాడు. అతడు బండి దగ్గఱకు వచ్చి లోపలికి తొంగిచూచి, నాయనమ్మ కాళ్ల దగ్గఱ కూర్చుండి, “ఏరు నా మాట ఇనదు తల్లీ, సూత్తా సూత్తా నీ గుంటను నీళ్లల్లో ఎట్టలేను” అనినాడట. తెల్లవారునంతవఱకు బండి రేవునందే యున్నది. ఎద్దులు విప్పలేదు. కోడికూతకు ముందే మా మేనత్త పోయినది, బిడ్డయు దక్కలేదు. ఆమెకు పదునెనిమిదేండ్లు.

మూడవనాడు స్నానములకు పోయినపుడు అదే రేవున నీరు నడుములోతునకు దిగియుండెనట. నాయనమ్మ ఈ కథ చెప్పునపుడు ఇచ్చట ఆగెడిది. పడవవానిని ఒక్కమాట అనుట మే మెన్నడును వినలేదు. మంత్రసానినిగాని, దైవమునుగాని తిట్టలేదు. ఆమె మనసులో తప్పుపట్టినది ఒక్క ఆచారమునే. పిల్లను కడుపుతో నున్నపుడు ఏటి కావలనుండి ఈవలకు, అనగా ఆసుపత్రి యున్న వైపునుండి లేని వైపునకు తీసికొనిరావలెనని ఎవరు చెప్పిరి? శాస్త్రము చెప్పిన నాటికి ఆసుపత్రి యెక్కడున్నది? ఈ ప్రశ్నను ఆమె పైకి అడుగుటకు చాల యేండ్లు పట్టినది.

మా వంతు వచ్చినపుడు అడిగినది. మాకు తొలిచూలు. శ్రావణము ఇంకను పదిదినములున్నదనగా నాయనమ్మ పల్లెనుండి బయలుదేఱి, ఒక బస్తా బియ్యము, కాయపుదినుసుల మూట, పాత మెత్తని చీరలు, ఇత్తడి కాగు తీసికొని రెండు నదులును దాటి మా అత్తవారింటికి వచ్చినది. మమ్ము వెంటబెట్టుకొని శ్రీకాకుళమున ఆసుపత్రికి నడకదూరమున రెండుగదుల భాగ మొకటి అద్దెకు తీసికొనినది. బంధువులలో గుసగుసలు బయలుదేఱినవి. పుట్టినింటివారికి పురుడు పోయు తాహతు లేదా యని యొకరు, అద్దెయింట పురుడేమి అరిష్టమని మఱియొకరు. మా అత్తగారును మొదట చిన్నబుచ్చుకొనినది. నాయనమ్మ అందఱకును ఒకే సమాధానము చెప్పినది: “పుట్టినిల్లంటే గోడలా? మేమున్న చోటే దాని పుట్టినిల్లు. ఏరు దాటి మేమే వచ్చాము.” మా పెద్దమ్మాయి ఆ అద్దెగదులనుండి పోయి ఆసుపత్రిలో పుట్టినది. ఆ రాత్రియు వానయే.

అది 1974వ సంవత్సరము. అదే యేడు గోదావరిపై కొవ్వూరునకును రాజమహేంద్రవరమునకును నడుమ క్రింద రైలు, పైన మోటారులు పోవు వంతెన తెఱవబడినది. ఇంట మగవారందఱును ఆ ముచ్చటయే చెప్పుకొనెడివారు. గోదావరిని రైలు 1900లోనే హేవ్లాకు వంతెనమీదుగా దాటినది. అచ్చట రోడ్డున పోవువారికి వంతెన కలుగుటకు మఱి డెబ్బదినాలుగేండ్లు పట్టినది. అంతదాక వారికి లాంచీలు, పడవలు. మా శ్రీకాకుళపు కథ దీనికి తలక్రిందు. చెన్నపట్టణమునుండి కలకత్తా పోవు పెద్దబాట మా పట్టణముగుండ పోవుటచేత నాగావళిపై రోడ్డువంతెనయే ముందు వచ్చినది. 1890లలో రైలు వచ్చినపుడు అది పట్టణమును తాకక, ఎగువన ఆమదాలవలస దాపున ఏటిని దాటి తన దారిని పోయినది. అందువలననే నేటికిని శ్రీకాకుళమువారు రైలెక్కవలెనన్న ఆమదాలవలస పోవలెను. మా అత్తగారు దీనిని పెద్ద లోపముగా తలచెడిది. మాకు అట్లు తోచదు. రైలువంతెన దూరప్రయాణము చేయువానికి; బుట్ట నెత్తిన పెట్టుకొని అంగడికి పోవు ఆడుదానికి కావలసినది రోడ్డువంతెన.

ఆ నాగావళి వంతెనయు ఒక్కతీరున నిలువలేదు. 1876లో వచ్చిన వరద పట్టణమును ముంచి, వంతెన కమానులలో ఆఱింటిని ఎత్తుకొనిపోయెనని దొరల కాలపు గెజిటీరునందు వ్రాయబడియున్నది. అంతకు పదేండ్ల ముందు, 1866లో, ఆ పట్టణమే కఱవున పడి మాడినది. అప్పటికి మా సీమ గంజాం జిల్లాలోనిది. 1936లో విశాఖపట్టణము జిల్లాలో చేరి, 1950లో శ్రీకాకుళము తానే జిల్లాకు ముఖ్యపట్టణమైనది. గెజిటీరు వ్రాసిన దొర కమానులను లెక్కపెట్టినాడు; ఆఱు. ఆ కమానులు పోయిన పిమ్మట ఏటి కావల నిలిచిపోయిన బాలింతలెందఱో, తల్లి కడచూపు దక్కని ఆడుబిడ్డలెందఱో అతని లెక్కలోనికి రాలేదు. అది అతని పని కాదు కాబోలు.

వంతెన యెట్లు కూలునో తెలిసికొనవలెనన్న పెద్దచదువు అక్కఱలేదు. కార్తికమాసమున ఏట స్నానము చేసిన ప్రతి యాడుదియు దానిని పాదములతో చదివియున్నది. పాఱునీటిలో కదలక నిలుచుండి చూడుడు. కాసేపటికి మడమల క్రింద ఇసుక చల్లగా జాఱిపోవును. పాదముల చుట్టును గుంట ఏర్పడును. నిలుకడ తప్పి అడుగు మార్చుకొందుము. వంతెన స్తంభమునకును అదే జరుగును. నీరు స్తంభమునకు తగిలి చుట్టుతిరిగి అడుగుననున్న ఇసుకను త్రవ్వుకొనిపోవును. మనము అడుగు మార్చుకొందుము, అది మార్చుకొనలేదు. కనుకనే స్తంభమును ఇసుకపై నిలుపక లోతునకు దింపుదురు. దింపు పద్ధతి మన పెరటి నుయ్యి త్రవ్వినట్లే యుండును. అడుగున పదునైన ఇనుపకట్టు వేసి, దానిపై గుండ్రముగా గోడ కట్టి, లోపలి ఇసుకను తోడివేయుచుందురు. తోడినకొలది ఆ నుయ్యి తన బరువుచేతనే క్రిందికి దిగును. దిగినకొలది పైన కట్టుచుందురు. గట్టినేలయో, రాయియో, చాలినంత లోతో తగిలినదాక దించి, అడుగును కాంక్రీటుతో మూసి, ఆ పైని స్తంభము లేపుదురు. వంతెనలో మనకు కనబడు భాగముకంటె కనబడని భాగమే దానిని నిలుపునది. ఇల్లాండ్రకు ఈ మాట విడమఱచి చెప్పనక్కఱలేదు.

ఇట్లు ఎంత లోతున దించినను, ఆ లోతు చుట్టును ఇసుక యున్ననాళ్లే దానికి బలము. వంతెనకు 500 మీటర్ల లోపున ఇసుక త్రవ్వరాదని నియమము గలదు. నియమము కాగితముపై చక్కగనే యున్నది. వేసవిలో ఏటిగట్టున కూర్చుండి ట్రాక్టరులు పోవుదారిని చూచువారికి కాగితమునకును ఇసుకకును గల దూరము తెలియును. ఇంటికి మేడ కావలెనని మనమే యిసుక కొందుము. ఆ యిసుక ఎక్కడిదని అడుగుట మర్యాద కాదనుకొందుము. కొండయేటి బలమును తక్కువగా తలచినవారికి 2017 జూలైలో జరిగినది చాలును. రాయగడ ప్రాంతమున నాగావళియు కల్యాణియు ఒక్కమాఱుగా పొంగగా తెరువలి దగ్గఱ రైలువంతెన కొట్టుకొనిపోయినది. రైళ్లు చుట్టుదారిని పోవలసివచ్చినది. ఆ నీరే మఱునాటికి మా వంతెనల క్రిందుగా పోయినది.

వంతెన కుదిరిన పిమ్మట ఇండ్లలో వచ్చిన మార్పులు చిత్రముగా నుండును. మొదట మాఱినది సారె. మా తల్లిగారి కాలమున సారె కావిళ్లలో వచ్చెడిది. కావడి మోసినవాడు పడవ దిగి, రెండు గెడ్డలు దాటి వచ్చునప్పటికి చలిమిడి గట్టిపడి, అరిసెలు సగము పొడియై యుండెడివి. ఐనను వీధివారందఱును దానిని చూచుటకు వచ్చెడివారు. నేడు సారె ఆటోలో వచ్చును, అరిసెలు విఱుగవు, చూచువారును తక్కువ. చుట్టఱికపు నిడివియు తగ్గినది. పూర్వము ఆడుబిడ్డ వచ్చినచో ఏఱు తీయునంతవఱకు ఉండవలసినదే. పదిదినములు, ఒక్కొక్కప్పుడు నెల. వదినామఱదండ్రు పోట్లాడుకొని, సమాధానపడి, మరల పోట్లాడుకొనుటకు వ్యవధి యుండెడిది. ఇప్పుడు ఉదయము వచ్చి సాయంకాలపు బస్సున పోవుదురు. ఇది లాభమో నష్టమో ఆ యా యిండ్లవారే చెప్పవలెను.

ఆడుపిల్లల చదువు విషయమున మాత్రము సందేహము లేదు. మా పల్లెలో మా యీడు పిల్లలు ఐదవతరగతితో నిలిచిపోయినది తెలివి చాలక కాదు. ఉన్నతపాఠశాల ఏటి కావల నుండుటచేత. మగపిల్లలు పడవలో పోయెడివారు, పొద్దుపోయినచో ఆవలి యూర ఎవరింటనో పండుకొనెడివారు. ఆడుపిల్లను అట్లు పంపు తండ్రి యెవడు? గెడ్డలకు తూములు పడి, వానకాలమునను బస్సు మా యూరిదాక వచ్చిన సంవత్సరము ఒక్కమాఱుగా పదునొకండుగురు బాలికలు పెద్దబడిలో చేరిరి. మా చిన్నాన్నగారి మనుమరాలు అందు ఒకతె, ఇప్పుడామె నర్సు.

పడవవాని కుటుంబ మేమైనదో కూడ చెప్పవలెను. ‘ఏఱు దాటునంతవఱకు ఓడమల్లయ్య, దాటిన పిమ్మట బోడిమల్లయ్య’ అను సామెత ఊరక పుట్టలేదు. ఆ వృద్ధుని కొడుకు కొంతకాలము పడవను నడపి, ఎక్కువారు లేక, దానిని రేవున బోర్లించి, విశాఖపట్టణమునకు కూలికి పోయినాడు. ప్రతి సంక్రాంతికి మా నాయనమ్మ ఆ యింటికి కొలతలు పంపెడిది. పడవ లేకున్నను పంపెడిది. ఎందుకని మేము ఒకమాఱు అడిగితిమి. “ఆ రాత్రి వాడు పడవ వేసియుంటే మూడు ప్రాణాలతో వాడిదీ పోయేది” అన్నది. అంతకుమించి మాటాడలేదు.

శ్రీకాకుళమున ఇప్పుడు నాగావళిపై ఒకటికంటె నెక్కువ వంతెనలు గలవు. రథసప్తమినాడు అరసవల్లి సూర్యనారాయణస్వామి దర్శనమునకు పోవు జనమును, పోలిపాడ్యమి తెల్లవారుజామున అరటిదొప్పలలో దీపములు విడుచు ముత్తైదువులను, తెలతెలవాఱుచుండగా కూరగాయల గంపలతో పట్టణమునకు పోవు పల్లెపడుచులను ఆ వంతెనలపై నిలిచి చూచినవారికి, ఇచ్చట ఏఱు దాటుట ఒక చిక్కని యెవరైన చెప్పిన నమ్మబుద్ధి పుట్టదు. కాని అదే నాగావళి వెంట ఎగువకు, గుంప సోమేశ్వరుని దాటి కొమరాడ మండలమునకు పొండు. అది 2022దాక విజయనగరము జిల్లాలోనిది. ఇప్పుడు పార్వతీపురం మన్యము జిల్లాలోనిది. అచ్చట పూర్ణపాడునకును లాబేసునకును నడుమ నాగావళిపై ఒక వంతెనకు 2006లో పని మొదలుపెట్టిరి. ఏటి కావల గిరిజనుల పల్లె లనేకములు గలవు. స్తంభములు లేచినవి. పదిహేనేండ్లు దాటినను పని ముగియలేదు. ఆ కాలమంతయు ఆ జనులు తలయెత్తి స్తంభములను చూచుచు, వాని నడుమగుండ నాటుపడవలో సంతకును, బడికిని, ఆసుపత్రికిని పోయిరి. నీరెక్కువైన దినమున పడవ లేదు. చుట్టుదారిని పోవలెను, లేదా ఇంట నుండవలెను.

2005 ఆగస్టు 15న మన రాష్ట్రమున 108 శకటములు వచ్చినవి. అవి యెందఱు తల్లులను కాపాడినవో చెప్పలేము. వానిని తలచినపుడెల్ల మా మేనత్త జ్ఞాపకము వచ్చును. కాని 108 శకటమునకు చక్రములున్నవి గాని రెక్కలు లేవు. అది గట్టుదాక వచ్చి దీపము తిప్పుచు నిలుచుండును. అచ్చటిదాక గర్భిణిని డోలీలో మోసికొని రావలెను, పడవ నెక్కింపవలెను. మేము పుట్టకముందు వరిగడ్డి పఱచిన గూడుబండి నిలిచినచోటనే నేడు 108 నిలుచుచున్నదన్నమాట. అసలు వంతెన లేనిచోట పడవవాడైనను తన వృత్తియని నిలిచియుండును. సగము కట్టిన వంతెన పడవవానికి ఆశ పోగొట్టును, దారి మాత్రము ఇయ్యదు. లేనిదానికంటె సగమున్నది చెడ్డదని మేమందుము.

2018 ప్రాంతమున సాలూరులో గిరిజన గర్భిణీ స్త్రీల కొఱకు వసతిగృహ మొకటి ఏర్పఱచిరి. పురుటికి ముందే కొండపల్లెలనుండి వారిని తీసికొనివచ్చి, భోజనము పెట్టి, వైద్యులచేత చూపించి, నొప్పులు రాగానే ఆసుపత్రికి చేర్చుట దాని పని. ఈ వార్త చదివిన నాడు మేము పత్రికను మడిచి ఒడిలో పెట్టుకొని చాలసేపు కూర్చుంటిమి. ఏఱు పొంగకముందే పిల్లను ఆసుపత్రి యున్న గట్టునకు చేర్చవలెనను ఆలోచన మా నాయనమ్మ ఒక బస్తా బియ్యముతో, రెండు అద్దెగదులతో, బంధువుల గుసగుసల నడుమ చేసినదే. ఆమె చేసినపుడు దానిని మొండితన మనిరి. ఐతే వసతిగృహము వంతెనకు బదులు కాదు. పురుడొక్కటే ముందుగా తెలిసి వచ్చునది. పాముకాటు, పసిబిడ్డ జ్వరము, ముసలితల్లి ఊపిరి ఇవి నెలలు లెక్కపెట్టుకొని రావు.

ఈ పత్రిక చదువు సోదరీమణులలో నాగావళి, వంశధార, సువర్ణముఖి, వేగావతి, జంఝావతి, చంపావతి ఏ యొడ్డుననైన ఉన్నవారు పలువురుందురు. వారొక పని చేసిన బాగుండును. మీ యూరి రేవు ఏ నెలనుండి ఏ నెలదాక మూతపడుచున్నదో, వంతెన యున్నచో దానిదాక పోవు దారిలో గెడ్డలెన్నియో, వానిపై తూములున్నవో లేవో, కడచిన వానకాలమున ఏ యింటి గర్భిణి ఏ దారిని ఆసుపత్రికి చేరినదో ఒక కాగితముపై వ్రాసియుంచుడు. గ్రామసభలో రోడ్డు మాట వచ్చినపుడు మగవారు పొడవును వెడల్పును చెప్పుదురు. ఈ లెక్క వారియొద్ద ఉండదు. మా పల్లె గెడ్డలపై తూములు పడినది కూడ ఆడువారు పదునాలుగుగురు ఇట్టి కాగితము పట్టుకొని మూడు సభలలో వరుసగా కూర్చుండిన పిమ్మటనే. మూడవ సభనాడు నాయనమ్మను మంచముతో మోసికొని పోయిరి. ఆమె ఏమియు మాటాడలేదు. కాగితము చదువుచున్నంతసేపు రేవు వైపు చూచుచు కూర్చున్నది.